చెరువు మురుగు, మొక్కల మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ వెనకున్న మురుగు చెరువును మొక్కలు, చేపల్లాంటి పర్యావరణ పద్ధతులతో బాగుచేయాలని కొంతమందిమి కలిసి తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒకే రకం ప్రశ్నలు ఎదురవుతున్నాయి. వాట్సాప్‌లో అవే, కట్ట మీద వాకింగ్‌లో అవే, అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనూ అవే. ప్రతిసారీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకచోట రాస్తున్నాను. నేను శాస్త్రవేత్తను కాను. కొంత చదివి తెలుసుకున్నాను, కొంత మోకాలి లోతు బురదలో దిగి నేర్చుకున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలవే, నేను రోజూ చూసే చెరువులు ఇవే కాబట్టి.

మా చెరువు ఇంత పచ్చగా, కంపు కొడుతూ ఎందుకు తయారైంది?

ఒక్క మాటలో చెప్పాలంటే అజీర్తి. చెరువుకు తిండి ఎక్కువైంది. మన ఇళ్ల నుంచి వచ్చే మురుగులో నత్రజని, భాస్వరం ఉంటాయి. పొలానికి చల్లే డీఏపీలో ఉండేవి కూడా ఇవే. పొలంలో వరి పెరిగినట్టే నీళ్లలో నాచు పెరుగుతుంది. ఒక కిలో భాస్వరం నీళ్లలో కలిస్తే 300 నుంచి 500 కిలోల దాకా తడి నాచు పుట్టగలదని లెక్క.

ఈ సంగతిని కళ్లకు కట్టినట్టు చూపించిన ప్రయోగం 1973లో కెనడాలోని ఒంటారియోలో జరిగింది. ఒక చిన్న సరస్సుకు నడుము దగ్గర అడ్డంగా తెర కట్టారు. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపారు. భాస్వరం మాత్రం ఒక వైపే కలిపారు. భాస్వరం పడ్డ సగం పచ్చ రంగు పులిమినట్టు అయింది, అవతలి సగం మామూలుగానే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫోటో చూశాక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే తాగేస్తుంది. చచ్చి అడుగుకు చేరిన నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఇంకా తాగుతుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. మన ఎండలకు 30 డిగ్రీల నీళ్లు పట్టి ఉంచగలిగేదే ఏడున్నర మిల్లీగ్రాములు. అంటే చేతిలో పెద్దగా మిగులు లేదన్నమాట. అందుకే చేపలు తెల్లవారుజామున నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తాయి. చేపలు కుప్పలుగా చచ్చిపోయిన వార్తలు చూడండి, ఎక్కువ సార్లు పొద్దున్నే బయటపడతాయి. ఇక అడుగు బురదలో ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలవుతుంది. మీరు కిటికీలు మూసుకునేది ఆ వాసనకే.

ఇళ్లు మా చెరువు పక్కన పెద్దగా లేవు. అయినా మురుగు ఎక్కడిది?

పైన ఉన్న చెరువు నుంచి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువు నిండేలా పూర్వం కట్టారు. ఆ అలుగునే తెలంగాణలో చాలాచోట్ల మత్తడి అంటారు. వాన నీళ్ల కోసం వేసిన ఆ దారిలోనే ఇప్పుడు డ్రైనేజీ నడుస్తోంది. పై చెరువును వదిలేసి కింది చెరువుకు మొక్కలు పెట్టడమంటే, వంటింట్లో నల్లా కట్టేయకుండా హాలు తుడుస్తూ కూర్చోవడమే.

పర్యావరణ పద్ధతులు అంటే సరిగ్గా ఏం చేస్తారు?

మురుగులోని సరుకును మొక్కలకు, వాటి వేళ్లను పట్టుకున్న బ్యాక్టీరియాకు, చేపలకు తినిపించి, ఆ తిన్నదాన్ని బయటికి తీసేయడం. చివరి మాటే అసలైనది, చాలామంది దాన్నే మర్చిపోతారు. నత్రజనిలో కొంతైనా బ్యాక్టీరియా పుణ్యమా అని గాలిలో కలిసిపోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. మొక్క తిన్న భాస్వరం మొక్కలో ఉంటుంది. మొక్క చస్తే మళ్లీ నీళ్లలోకే వస్తుంది. కోసి, గట్టు దాటించి, చెరువుకు దూరంగా తీసుకెళ్తేనే లెక్కలోంచి పోయినట్టు.

నెక్నాంపూర్‌లో వేసిన తేలే తెప్పల గురించి విన్నాం. అవి ఎలా పనిచేస్తాయి?

హైదరాబాద్ శివార్లలోని నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, దాదాపు 3,000 చదరపు అడుగుల తెప్పను నీటి మీద వదిలారు. అడుగున వెదురు, దాని మీద థర్మాకోల్ దిమ్మెలు, ఆ పైన గోనె సంచులు, అన్నిటికన్నా పైన కంకర. అందులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము, నిమ్మగడ్డి జాతి మొక్కలు, మందార, తులసి లాంటివి పెట్టారు. మట్టి ఉండదు. వేళ్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి.

తెప్ప గొప్పతనం పైన పూసే పూలలో లేదు. మేం కట్టిన చిన్న తెప్పను ఆరు నెలల తర్వాత ఒక మూల పైకెత్తి చూశాం. వట్టివేరు వేళ్లు మూరకు పైగా కిందికి వేలాడుతున్నాయి. ఒక్కో వేరుకూ గోధుమరంగు జిగురు పట్టి ఉంది, తడి ఉన్నిలాగా. వేలితో రాస్తే బంకలా ఊడొచ్చింది. ఆ జిగురే బ్యాక్టీరియా కాపురం. మురుగును తినే పనిలో పెద్ద వాటా వాటిదే. వేళ్ల మధ్య నత్తగుడ్లు, గాజుపురుగుల్లాంటి చిన్న రొయ్యపిల్లలు, రెండు వేళ్ల వెడల్పున్న చేపపిల్లలు. నీళ్లలో తేలే నలకలు కూడా ఆ వేళ్ల జల్లెడలో చిక్కుకుని బరువెక్కి కిందికి దిగుతాయి.

మేం చేసిన తప్పులూ చెప్పాలి. మొదటి తెప్పకు థర్మాకోల్‌ను ఏమీ చుట్టకుండా వాడాం. ఎండకు పెళుసెక్కి, తాబేళ్లు, ఎలుకలు కొరికి, వేసవి చివరికల్లా కట్ట పొడుగునా తెల్ల పూసలు. చెరువును బాగుచేస్తామని వెళ్లి ప్లాస్టిక్ కలిపినవాళ్లం అయ్యాం. రెండు ఆదివారాలు జల్లెళ్లు పట్టుకుని ఏరాం, అయినా అన్నీ దొరకలేదు. రెండోసారి మూతలు బిగించిన పీవీసీ పైపుల మీద కట్టాం. ఇంకో సంగతి: మెట్టతామర ఏపుగా పెరిగితే తెప్ప పైభాగం బరువెక్కుతుంది. మే నెల ఈదురుగాలికి ఒక తెప్ప బోర్లా పడింది. ఎత్తు మొక్కలు మధ్యలో, పొట్టివి అంచుల్లో పెట్టండి. వెదురు ఒకటి రెండేళ్లకు నీరు పీల్చి బరువెక్కుతుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

అయితే తెప్పలు వేస్తే చెరువు బాగుపడినట్టేనా?

కాదు. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం.

500 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ అనుకోండి. ఇంటికి నలుగురు చొప్పున 2,000 మంది. మనిషికి రోజుకు 100 లీటర్ల మురుగు వేసుకున్నా రెండు లక్షల లీటర్లు. మనిషి నుంచి రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల భాస్వరం వస్తుంది. అంటే రోజుకు మూడు కిలోలు, ఏడాదికి వెయ్యి కిలోలకు పైనే.

ఇప్పుడు మొక్కల వైపు చూడండి. జమ్ము, తుంగ, కిక్కిస లాంటివి బాగా పెరిగి, వేళకు కోసి బయటికి తీస్తే, ఎకరానికి ఏడాదికి 12 నుంచి 60 కిలోల భాస్వరం పట్టుకెళ్తాయి. 3,000 చదరపు అడుగులంటే ఎకరంలో పద్నాలుగో వంతు. ఎంత బాగా పెరిగినా నాలుగైదు కిలోలు దాటదు.

వెయ్యి కిలోలు లోపలికి, నాలుగు కిలోలు బయటికి. అందుకే తెప్పను నేను చివరి మెరుగు అంటాను. మురుగు ఆగిన చెరువులో, శుద్ధి చేసిన నీళ్లు వచ్చే చెరువులో అది బాగా పనికొస్తుంది. పక్షులొస్తాయి, జనం చెరువు వైపు చూడటం మొదలుపెడతారు, దానికీ విలువుంది. కానీ నాలా అలాగే పారుతుంటే తెప్ప ఫోటోకే. ఈ మాట మాకు మొదటి రోజే ఒక పెద్దాయన చెప్పారు. నలభై ఏళ్లుగా ఆ చెరువులో వల వేసిన మనిషి. "ముందు మోరీ కట్టేయండి సార్, పూల చెట్లు తర్వాత పెడుదురు" అన్నాడు. మాకు అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది.

గుర్రపుడెక్క కూడా నీళ్లు శుద్ధి చేస్తుందంటారు కదా. దాన్ని అలాగే ఉంచితే పోలా?

శుద్ధి చేస్తుందన్న మాట నిజమే. భాస్వరం పీల్చడంలో జమ్ము కంటే గుర్రపుడెక్కే ముందుంటుంది, ఎకరానికి ఏడాదికి 140 కిలోల దాకా. అయితే అది రోజూ కోసేవాడు ఉన్న చెరువులో. వదిలేస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీటిని దుప్పటిలా కప్పేస్తుంది. కింద వెలుతురుండదు, గాలి తగలదు, ఆక్సిజన్ సున్నాకు పడుతుంది. వేసవిలో చచ్చి అడుగుకు చేరి, పీల్చిందంతా వడ్డీతో తిరిగి ఇచ్చేస్తుంది.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది, ఇక్కడ దీన్ని తినే పురుగు ఉండేది కాదు. అందుకే 1980ల మొదట్లో దీని మీద బతికే నియోకెటినా అనే ముక్కుపురుగులను మన దేశానికి తెచ్చి వదిలారు. బెంగళూరు చుట్టుపక్కల కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. కానీ పురుగు తిన్న మొక్క కూడా అదే చెరువులో మునిగి కుళ్లుతుంది. కాబట్టి నా ఓటు కోయడానికే. కోసినదాన్ని కట్ట మీదే కుప్ప పోయకండి, మొదటి వానకు రసమంతా మళ్లీ లోపలికే. దూరంగా తీసుకెళ్లి పేడతో కలిపి కంపోస్టు చేయొచ్చు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువైతే అదీ వద్దు. ఈ మొక్క సీసం, కాడ్మియం లాంటి లోహాలను కూడా పీల్చుకుంటుంది, ఆ కంపోస్టు కూరగాయల మడికి పోకూడదు.

కలుపుమందు కొడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మొక్క చస్తుంది, చెరువులోనే కుళ్లుతుంది, మందు మిగులుతుంది.

మురుగు చెరువులోకి రాకముందే మొక్కలతో శుద్ధి చేయలేమా?

చేయొచ్చు. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

నాలా చెరువులో కలిసే మూతి దగ్గర కంకర నింపిన మడులు కట్టి, వాటిలో జమ్ము, కిక్కిస, మెట్టతామర నాటుతారు. ముందు ఒక తొట్టిలో చెత్త, ఇసుక, మడ్డి ఆగిపోతాయి. తర్వాత మురుగు కంకర లోపలి నుంచి నెమ్మదిగా పారుతుంది, పైకి కనిపించదు. కాబట్టి దోమలు, వాసన తక్కువ. ఈ ఆలోచన జర్మనీలో 1950లలో మొదలైంది. మన దేశంలో నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఫైటోరిడ్ పేరుతో తన పద్ధతిని తయారుచేసింది. కరెంటు ఖర్చు దాదాపు ఉండదు.

చిక్కు ఒక్కటే, స్థలం. మనలాంటి వేడి ప్రాంతంలో మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్లు కావాలి. పైన చెప్పిన 2,000 మందికి అర ఎకరం నుంచి ఎకరం. ఊళ్లో దొరుకుతుంది. నగరంలో ఎకరం ఖాళీ అంటే దాని మీద ఎన్ని కళ్లు ఉంటాయో చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే చెరువు మూతి దగ్గర ఆ స్థలం ఒకప్పుడు ఉండేది. నీళ్లు పలచగా పరుచుకునే శిఖం భూమిలో జమ్ము, తుంగ వాటంతటవే పెరిగి ఈ పని ఊరికే చేసేవి. మనం దాన్ని పూడ్చి ప్లాట్లు చేసి, ఇప్పుడు కంకర మడి కట్టడానికి చోటు వెతుకుతున్నాం.

స్థలం లేనిచోట మామూలు మురుగు శుద్ధి ప్లాంటు కట్టి, దాని నుంచి వచ్చే నీటిని చిన్న మడి గుండా పంపడం మధ్యే మార్గం. బెంగళూరు జక్కూర్ చెరువులో అలాగే చేశారు. ప్లాంటు నీళ్లు మొక్కల చిత్తడి గుండా ప్రయాణించి చెరువులో కలుస్తాయి. అదే నగరంలో శుద్ధి కాని మురుగు చేరిన బెళ్లందూరు చెరువు నురగలు కక్కి, మంటలు అంటుకుని దేశమంతా వార్తల్లోకి ఎక్కింది.

మురుగును పూర్తిగా పక్కకు మళ్లించేస్తే గొడవే ఉండదు కదా?

హుస్సేన్ సాగర్‌లో కొంతవరకు అదే చేశారు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన ఆ చెరువులోకి ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వస్తాయి. మామూలు రోజుల్లో పారే మురుగును అడ్డుకుని పెద్ద పైపుల్లో పక్కకు పంపే ఏర్పాట్లు జరిగాయి. వాన పడితే మాత్రం పైపు పట్టదు, మురుగు, వాన కలిసి చెరువులోకే.

రెండో ఇబ్బంది ఇంకా ఉంది. నగరంలో చాలా చెరువులకు ఇప్పుడు ఏడాది పొడుగునా వచ్చే నీరు మురుగు ఒక్కటే. వాన నీటి కాలువలు ఎప్పుడో మూసుకుపోయాయి. మురుగు మొత్తం మళ్లిస్తే ఏప్రిల్‌కల్లా చెరువు ఎండుతుంది. ఎండిన చెరువు మీద ముందు మట్టి లారీ, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత కరెంటు మీటరు. కాబట్టి మళ్లించి ఊరుకోకండి, శుద్ధి చేసిన నీళ్లు తిరిగి ఇమ్మని అడగండి.

పూడిక తీస్తే చాలదా? మిషన్ కాకతీయలో అదే చేశారుగా?

2015లో మొదలైన మిషన్ కాకతీయ ఉద్దేశం వేరు. సాగునీటి చెరువుల్లో నిల్వ పెంచడం, ఆ మట్టిని పొలాలకు తోలడం. పల్లె చెరువు ఒండ్రు పొలానికి బలం, రైతులు ట్రాక్టర్లు కట్టుకుని వచ్చి పట్టుకెళ్లారు. మురుగు చెరువు బురద అది కాదు. అందులో ఏళ్ల తరబడి దిగిన భాస్వరం ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు ఇనుముతో అతుక్కుని ఉన్న భాస్వరం విడిపోయి మళ్లీ పైకొస్తుంది. అందుకే మురుగు ఆపిన తర్వాత కూడా చెరువు కొన్నేళ్లు పచ్చగానే ఉంటుంది.

స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే సరస్సుకు ఇదే జరిగింది. మురుగు ఆపి పదేళ్లయినా కోలుకోలేదు. చివరికి 1970, 1971లో అడుగు బురదను తోడేశాక తేరుకుంది. అంటే పూడిక తీత మంచిదే, వరస ముఖ్యం. మురుగు ఆగకముందు తీస్తే మళ్లీ నింపుకోవడానికి గుంత తవ్వినట్టే. తీసే ముందు బురదను ల్యాబ్‌కు పంపి లోహాల పరీక్ష చేయించండి. గట్లు నిలువుగా గోడలా చెక్కేయనివ్వకండి. అంచుల్లో పలచని నీళ్లు లేకపోతే జమ్ము మొలవదు, కొంగ నిలబడదు.

ఏ చేపలు వేస్తే నీళ్లు బాగుపడతాయి?

ఐరోపాలో ఒక కిటుకు ఉంది. చిన్న చేపలను తినే పెద్ద చేపలను వేస్తారు. చిన్నవి తగ్గితే నాచును తినే నీటి ఈగలు (డాఫ్నియా లాంటి, కంటికి కనీకనిపించని నీటి జీవులు) పెరుగుతాయి, నీళ్లు తేటబడతాయి. మన దగ్గర అది అంత తేలిగ్గా పారదు. వేడి నీళ్లలో చిన్న చేపలు చాలా నెలల పాటు గుడ్లు పెడుతూనే ఉంటాయి, నీటి ఈగలు కూడా ఇక్కడ చిన్న సైజువి.

ఏం వేయకూడదో మాత్రం గట్టిగా చెప్పగలను. బంగారు తీగ అడుగు బురదను ముక్కుతో కెలుకుతుంది, నీళ్లు ఎప్పటికీ తేటబడవు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం. తిలాపియా ఒకసారి చేరితే వదలదు. గడ్డి చేపలు నీటి అడుగున పెరిగే మంచి మొక్కలనూ మేసేస్తాయి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, ఇక్కడిదే, చిన్న చేపలను తింటుంది, పైకొచ్చి గాలి పీల్చగలదు. అలాగని మురుగు చెరువులో కొర్రమీను వేసి కిలో ఇంత అని అమ్ముకోవడం వద్దు.

మురుగుతో చేపలు పెంచి నగరాన్ని శుభ్రం చేసే చోటు ఒకటుంది, తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. 12,500 హెక్టార్లు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. అక్కడి భేరీలలో, అంటే చేపల చెరువుల్లో, మురుగును పలచగా పరిచి, ఎండలో నిలబెట్టి, సరైన రోజు చూసి చేపపిల్లలు వదులుతారు. అది తరాల అనుభవం. వీడియో చూసి చేసే పని కాదు.

మొక్కలు పెడితే దోమలు పెరుగుతాయని మా అసోసియేషన్ భయపడుతోంది.

వాళ్ల భయం అర్థమవుతుంది, కానీ దోమలు ఇప్పటికే ఉన్నాయి కదా. క్యూలెక్స్ దోమకు కదలని మురుగు నీళ్లంటే ప్రాణం. గుర్రపుడెక్క, అంతరతామర ఉన్నచోట మాన్సోనియా అనే మరో జాతి చేరుతుంది. దాని పిల్లపురుగులు ఆ వేళ్లకు గుచ్చుకుని వాటిలోంచే ఊపిరి తీసుకుంటాయి, పైకి రావు, నూనె చల్లినా చావవు. నీళ్లలో ఆక్సిజన్ పెరిగితే చేపపిల్లలు, తూనీగ పిల్లలు వస్తాయి, అవి దోమ పిల్లలను తింటాయి. గంబూసియా చేపలు తెచ్చి వదలకండి. బయటి జాతి, మన చిన్న చేపల గుడ్లను కూడా మింగేస్తుంది.

ఒక కంపెనీ వాళ్లు బ్యాక్టీరియా ద్రావణం పోస్తే నెలలో చెరువు క్లీన్ అంటున్నారు. నమ్మొచ్చా?

మురుగులో ఉన్న బ్యాక్టీరియాకు కరువేం లేదు. కరువు ఆక్సిజన్‌కు. ద్రావణం పోశాక వాసన కొన్నాళ్లు తగ్గొచ్చు, అది చూపించే బిల్లు పెడతారు. భాస్వరం ఎటు పోయిందని అడగండి. జవాబు రాదు.

ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు, వేరే సంగతి. చేపలు చచ్చే పరిస్థితిలో అవి ఐసీయూలో ఆక్సిజన్ లాంటివి, పెట్టాల్సిందే. ఫౌంటెన్ మాత్రం రాత్రి లైట్లకు బాగుంటుంది, అంతే.

చిల్లగింజ అరగదీసి బిందెలో వేస్తే నీళ్లు తేరుకుంటాయి కదా. చెరువుకు పనికిరాదా? బతుకమ్మ పూల సంగతేంటి?

మా అమ్మమ్మ బిందె లోపలి గోడకు చిల్లగింజ రుద్దేది. పొద్దున్నకు మన్ను అడుగుకు దిగేది. అందులో జరిగేది నీళ్లలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించడం. కరిగి ఉన్న భాస్వరాన్ని, నత్రజనిని అది తీయదు. బిందెకు అమృతం, చెరువుకు లెక్కలోకి రాదు.

తంగేడు, గునుగు పూలు నీళ్లను శుద్ధి చేస్తాయన్న మాట ఏటా వింటాం. ఊరి చెరువులో ఊరి బతుకమ్మలు కలిస్తే ఏమీ కాదు. నగరంలో ఒకే మూల వేల బతుకమ్మలు పడితే అవీ కుళ్లే ఆకుకిందే లెక్క. మేం మర్నాడు పొద్దున వలతో తీసి కంపోస్టుకు పంపుతాం. ఎవరూ బాధపడలేదు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి సాయం కూడా పట్టారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతి కథ వేరు. అది కరగదు, రంగుల్లో లోహాలు ఉంటాయి. మట్టి విగ్రహం, లేదంటే విడిగా కట్టిన చిన్న కొలను.

ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తుంటే ఈ పద్ధతులు పనిచేస్తాయా?

పనిచేయవు. హైదరాబాద్ దగ్గర మందుల కంపెనీలున్న పటాన్‌చెరు ప్రాంతంలో శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో వచ్చిన పరిశోధన ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అలాంటి నీళ్లలో జిగురు బ్యాక్టీరియాను కాపురం పెట్టమంటే ఎలా? దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి. నీళ్ల రంగు రాత్రి మారుతోందా, ఘాటు వాసన వస్తోందా గమనించి, తేదీ, టైం, ఫోటోతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. మొక్కలతో దీన్ని కప్పిపెట్టే పని మీరు చేయకండి.

ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది?

అమెరికాలో సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. 1963 నుంచి 1968 మధ్య దానిలోకి వచ్చే మురుగును మళ్లించారు. 1970ల మొదట్లోనే నీళ్లు చాలావరకు తేటపడ్డాయి. అది లోతైన సరస్సు, కొత్త నీరు బాగా వచ్చిపోతుంది. మన చెరువులు పలచనివి, బురద మందం. మురుగు నిజంగా ఆగితే వాసన ఒక సీజన్‌లో తగ్గుతుంది. తేట రావడానికి రెండు మూడు వానాకాలాలు ఓపిక పట్టాలి. పలచని చెరువుకు ఒక మొండితనం ఉంది. నాచుతో పచ్చగా ఉంటే అలాగే ఉండిపోవాలని చూస్తుంది, అడుగున మొక్కలు పట్టుకుంటే తేటగానే ఉండిపోవాలని చూస్తుంది. మధ్యలో నిలబడదు. కాబట్టి హైడ్రిల్లా లాంటి అడుగు మొక్కలు కనిపించిన రోజు కలుపు అని పీకేయకండి. ఆ తప్పు ఒకసారి మా కూలీలు చేశారు, చెప్పనిది మేమే.

పర్మిషన్ ఎవరిదగ్గర తీసుకోవాలి?

ముందు మత్స్య సంఘం దగ్గరికి వెళ్లండి. కాగితం మీద అధికారం కోసం కాదు, చెరువు వాళ్ల బతుకు. తెప్ప వలకు అడ్డం వస్తే మొదటి వారంలోనే తాళ్లు తెగుతాయి, తప్పు మీదే. తర్వాత ఇరిగేషన్, మున్సిపాలిటీ. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు కాపీ అడిగి పెట్టుకోండి. హైదరాబాద్ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన అంచు. సుందరీకరణ పేరుతో ఆ బఫర్‌లోనే కాంక్రీటు ట్రాక్ వేస్తామంటే, జమ్ము పెరిగే అంచును వదలమని పట్టుబట్టండి.

మేం ఈ ఆదివారమే మొదలుపెట్టాలి. ఏం చేయమంటారు?

మొక్కలు కొనకండి. ముందు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలవండి. పాత స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేయండి. మధ్యలో బెజ్జం పెట్టి, అడుగున బరువు కట్టి, తాడుకు పది సెంటీమీటర్లకొక గుర్తు పెట్టండి. నీళ్లలోకి దింపుతూ పళ్లెం కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. మాది మొదటిసారి జానెడు లోతులోనే మాయమైంది. నెలకోసారి, అదే చోట, అదే వేళకు చూడండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్లకంటే బాగా చేస్తారు, ఒడ్డునే లైఫ్ జాకెట్ తొడిగించి మరీ.

తర్వాత వాన పడి వారం దాటిన పొద్దున, ఆరింటికి, చెరువు చుట్టూ ఒక్కసారి పూర్తిగా నడవండి. పైపులు, కాలువలు, గోడల్లో రంధ్రాలు, లోపలికి నీళ్లు పారే ప్రతి చోటూ లెక్కపెట్టి ఫోన్‌లో గుర్తు పెట్టండి. వాన లేని రోజు పారుతోందంటే అది మురుగే. మేం మొదటి రోజు పదకొండు లెక్కపెట్టి, అంతే అనుకున్నాం. రెండు వారాల తర్వాత గుర్రపుడెక్క తీస్తుంటే దాని కింద పన్నెండోది దొరికింది. అన్నిటికన్నా పెద్ద పైపు అదే.